నాటకానికి తెచ్చిన రాయి

ఈ మధ్య నందిగామ కాలేజీ పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చారు. కళాజాతలో చేరుతున్నారట, డప్పు నేర్పమన్నారు. నేర్పాను. డప్పు పెద్ద విద్యేం కాదు, నెల రోజుల్లో చేతికొస్తుంది. ఆ ఉద్యోగంలో మిగతాది ఎవరూ నేర్పరు. అది రాసిస్తానని వాళ్ళకు మాటిచ్చాను. ఇదే అది.

నాకు నలభై దాటాక అక్షరాలొచ్చాయి, తొంభైల మొదట్లో వయోజనులకు చదువు చెప్పిన రోజుల్లో. అందుకని నా వాక్యాలు పొట్టిగా ఉంటాయి. పెద్ద వాక్యం మొదలుపెడితే చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతాను. బాగా చదువుకున్నవాళ్ళూ మర్చిపోతారు గానీ ఒప్పుకోరు.

ఉద్యోగం ఏమిటంటే

నందిగామలో ఒక స్వచ్ఛంద సంస్థ ఉండేది. దాని కళాజాత బృందంలో నేను మొదట డప్పు వాయించాను, తర్వాత బృందానికి నాయకుణ్ణి చేశారు. పదిమందిమి ఒక జీపులో ఇరుక్కుని ఊరూరా దిగేవాళ్ళం. పాటా ఆటా నాటకమూ కలిపి ఏదో ఒక సంగతి చెప్పి మళ్ళీ జీపెక్కేవాళ్ళం. మొదట సారా మానమని చెప్పాం. రాత్రి ఆట అయ్యాక మాలో ఇద్దరు సారా కొట్టుకే పోయేవాళ్ళు, అది వేరే కథ. తర్వాత పిల్లల్ని బడికి పంపమని చెప్పాం. ఆ తర్వాత నిధులిచ్చేవాళ్ళకు వలస మీదకు మనసు పోయింది. దాంతో మేమూ అటే తిరిగాం. ఊరు వదిలి పోయేవాళ్ళ బాధ, ఊరు మునిగిపోయినవాళ్ళ గోడు, ఇవి మా సరుకు.

ఇక్కడ ఒక మాట. మా బృందంలో ఎవరికీ వలస కొత్త కాదు. పాట పాడే సుజాత వాళ్ళమ్మ చెరుకు నరకటానికి పోయి తిరిగి రాలేదు. కానీ మా బాధ మాకు తెలిసిన పద్ధతిలో ఆడితే పనికిరాదట. శిక్షణ కావాలట. అందుకని హైదరాబాదు నుంచి ప్రభాకర్ గారిని దర్శకుడిగా తెచ్చారు.

ప్రభాకర్ గారు చెడ్డవాడు కాదు. వలస మీద ఆయన చాలా చదివాడు. వేదిక మీద నన్ను ‘నాగులు గారూ’ అనేవాడు. కోపం వస్తే ‘నాగులూ’ అనేవాడు. సంస్థ వాళ్ళు తప్పు దిద్దుతుంటే మాత్రం ‘మన నాగులు’ అనేవాడు. ఆ మూడోది వినపడితే తప్పు నా మీదకు రాబోతోందని అర్థం.

మిరప కల్లంలో కన్నీళ్ళు

మా మొదటి వలస నాటకం కంచికచర్ల దగ్గర ఒక మిరప కల్లంలో వేశాం. మిరపకాయలు కోయటానికి పడమటి నుంచి కూలీలు గుంపులుగా వచ్చేవాళ్ళు. పొలం గట్టున గుడిసెలు వేసుకుని కోత అయ్యేదాకా ఉండేవాళ్ళు. వాళ్ళ ముందు వాళ్ళ కథే ఆడాలని ప్రభాకర్ గారి ఆలోచన. పొద్దంతా వంగి కాయ కోసి, అప్పుడే నడుములెత్తినవాళ్ళను వరసగా కూర్చోబెట్టాం.

పది నిమిషాలకు అందరి కళ్ళలో నీళ్ళు. సుజాతకూ నాకూ కూడా. ప్రభాకర్ గారు వెనకనుంచి నా భుజం పట్టుకుని, “చూశావా, కదిలిపోయారు” అన్నాడు గద్గదంగా. ఆయన కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

పక్కనే ఎండిన కాయ తిరగేస్తున్నారు. గాలి మా వైపే ఉంది. ఆ ఘాటుకు రాయి కూడా ఏడుస్తుంది.

ఆట అయ్యాక ముందు వరసలోని ఒకామె లేచి కొంగుతో ముక్కు తుడుచుకుంది. నా దగ్గరకొచ్చి, “ఏం పెద్దమనిషీ, మా ఏడుపు మాకే జూపిస్తున్రా? గా రైతుకు జూపియ్యరాదు?” అంది.

“ఎందుకు?”

“గుడిసెల్లకు నీళ్ళ ట్యాంకరు రాక మూడు దినాలాయె. మీరు బిందె పట్టుకోని ఏడుస్తుంటే, బిందె ఖాళీగ ఉన్నదని మేం నవ్వుకుంటున్నం. గా పాట రైతు ఇంటిముంగట పాడు, రేపే ట్యాంకరొస్తది.”

ఈ మాట ప్రభాకర్ గారికి చెప్పాను. “అది మన పరిధి కాదు నాగులూ. మనది చైతన్యం” అన్నాడు. నేను సుజాతను తీసుకుని మర్నాడు ఆ రైతు అరుగు ముందు పాడించాను. సాయంత్రానికి ట్యాంకరొచ్చింది. రైతుకు చైతన్యం వచ్చిందని కాదు, వీధంతా వింటోందని. సంస్థ నివేదికలో మాత్రం ‘ప్రేక్షకులందరూ కన్నీరు పెట్టారు’ అని రాశారు. ట్యాంకరు సంగతి లేదు. నాకు అక్షరాలొచ్చి బాగుపడిందేమిటయ్యా అంటే, ఇలాంటివి చదవగలగటం.

అట్ట రాయి, అసలు రాయి

రెండు వేలు దాటాక కృష్ణ మీద ప్రాజెక్టు పని మొదలై ఊళ్ళు ఖాళీ చేయించారు. మునిగే ఊరి మీద నాటకం కట్టమని సంస్థ చెప్పింది. ప్రభాకర్ గారు మంచి కథే కట్టాడు. నీళ్ళొస్తుంటే ఊరంతా బొడ్రాయి చుట్టూ చేరి, ఒక్క కుటుంబంలా కావలించుకుని ఏడుస్తుంది.

బొడ్రాయి తెలియని పట్నం పిల్లలకు చెప్తున్నాను. ఊరు కట్టినప్పుడు నడిమధ్య పాతే రాయి అది, ఊరికి బొడ్డు. డప్పుల మోతతో నిలబెడతారు, పసుపు రాస్తారు, ఊరి ఆడవాళ్ళు వరసగా బిందెలతో నీళ్ళు పోస్తారు. నీళ్ళు పడ్డాక దాన్ని కదిలించకూడదు. కదిలించినవాడి ఇల్లు పాడవుతుందని నమ్మకం. పాతిన రోజు డప్పు కొట్టి ఊరు కట్టేస్తారు. అంటే పొద్దుగూకేదాకా లోపలివాడు పొలిమేర దాటకూడదు, బయటివాడు లోపలికి రాకూడదు. ఆ కట్టు లోపల ఉన్న ప్రతి ఇల్లూ ఆ ఊరిది.

నాటకానికి మొదట అట్టతో రాయి చేయించాం. ముక్త్యాల దగ్గర ఆడుతుంటే సిమెంటు లారీ ఒకటి జోరుగా పోయింది. ఆ గాలికి బొడ్రాయి లేచి వెళ్ళి గేదె ముందు పడింది. ఊరి కోసం ఏడుస్తున్నవాళ్ళంతా రాయి వెనక పరుగెత్తారు. ఆ రోజు వచ్చినంత నవ్వు మా బృందానికి ఎప్పుడూ రాలేదు.

ప్రభాకర్ గారికి రోషం వచ్చింది. “నిజమైన రాయి కావాలి. నిజంగా పాతాలి. ప్రేక్షకుల్లోంచే ఒక స్త్రీ వచ్చి నీళ్ళు పొయ్యాలి. అప్పుడే వాళ్ళ భాగస్వామ్యం” అన్నాడు. జగ్గయ్యపేటలో రాళ్ళు కొట్టే ఆయన చేత మోకాలెత్తు రాయి చేయించాం. ఊరూరా గొయ్యి తీసి నిలబెట్టటం, ఆట అయ్యాక గడ్డపారతో లేపి జీపులో వేసుకోవటం. ఇరవై ఊళ్ళలో అలా చేశాం. ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటారా? ఆ ఊళ్ళన్నిటికీ వాటి బొడ్రాయి ఉంది. ఊరికి బొడ్డు ఒకటే. రెండోదాని మీద ఎన్ని నీళ్ళు పోసినా అది ఉత్త రాయే.

ఇరవై ఒకటోది వేపలరేవు కాలనీ. అక్కడ బొడ్రాయి లేదు.

నాకు తట్టాల్సింది. చిన్నప్పుడు మా నాన్నతో పోయి రెండు బొడ్రాళ్ళకు డప్పు కొట్టినవాణ్ణి. తట్టలేదు. రోజూ జీపులో కాళ్ళ కింద దొర్లే రాయి, నాకది సామాను అయిపోయింది. ఆ తప్పు దర్శకుడిది కాదు, నాది.

వేపలరేవు కాలనీ

మునిగే ఊరు వేపలరేవు నుంచి లేపినవాళ్ళను జగ్గయ్యపేట అవతల ఒక మెరకలో దింపారు. ఇళ్ళ స్థలాలు చీటీలు తీసి ఇచ్చారు. చీటీకి కులం తెలియదు కదా. పాత ఊళ్ళో పెద్ద రైతు రాఘవయ్య గారు. ఆయన ఇంటి పక్క స్థలం మాదిగపల్లె కోటమ్మకు పడింది. గోడకు గోడ.

మేం పొద్దున్నే వెళ్ళి గొయ్యి తవ్వుతుంటే కోటమ్మే వచ్చి నిలబడింది. డెబ్బై దగ్గర పడ్డ మనిషి.

“ఏందిరా అబ్బాయ్, ఈ గొయ్యి?”

“నాటకానికమ్మా. బొడ్రాయి పాతుతున్నాం.”

“నువ్వెవరి తాలూకు?”

“మాదీ మాదిగపల్లేనమ్మా. జగ్గయ్యపేట పక్కనే. నాగులంటారు.”

ఆమె గొయ్యి వంకే చూస్తూ మెల్లగా చెప్పింది. పల్లె వాళ్ళకు వేరే చోటు చూపించమని రాఘవయ్య గారు పై ఆఫీసుకు అర్జీ పెట్టాడు. రెండు కిలోమీటర్ల అవతల రాళ్ళగుట్ట కింద స్థలం చూసి కూడా వచ్చారు. వీళ్ళు అటు పోయేదాకా కాలనీకి బొడ్రాయి నిలపనని పట్టుపట్టాడు.

“ఒకసారి నీళ్ళకని లేపారు, సరే, పోనీ. ఇప్పుడు మా నీడకని లేపుతారంట. కట్టుకున్న గోడలు మళ్ళీ నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పొయ్యేదిరా? నే పోను. పోనని ఎవరికి చెప్పాలో తెలవటం లా.”

నేను అయ్యో అన్నాను. గొయ్యి తవ్వుతూనే ఉన్నాను.

ప్రేక్షకుల భాగస్వామ్యం

పదింటికి ఆట మొదలైంది. రాఘవయ్య గారు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. మావాళ్ళు రాయి నిలబెట్టి మట్టి కూరారు. ఊరంతా ఒక్క కుటుంబంలా ఉండేదని సుజాత పాడుతుంటే వెనక పల్లె ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. తర్వాత ప్రభాకర్ గారు మైకు తీసుకున్నాడు.

“మీలో ఎవరైనా ఒక తల్లి వచ్చి నీళ్ళు పొయ్యండమ్మా.”

మా ఖాళీ బిందె చూపించాడు. కోటమ్మ దాన్ని ముట్టుకోలేదు. ఇంట్లోంచి నిండు బిందె తెచ్చింది. కొంగున పసుపు ఉంది. రాయికి పసుపు రాసి, బిందె మొత్తం వంచింది. ఆమె వెనక పల్లె ఆడవాళ్ళు ముప్పై మంది దాకా నిండు బిందెలతో వరస కట్టారు. ఎప్పుడు అనుకున్నారో, ఎవరు ఎవరికి చెప్పారో నాకిప్పటికీ తెలియదు.

ప్రభాకర్ గారు ఫొటోలు తీస్తూ, “అద్భుతం. ప్రేక్షకులు నాటకంలోకి వచ్చేశారు” అంటున్నాడు.

రాఘవయ్య గారు కుర్చీలోంచి లేచాడు. “ఆపండి. ఏయ్, ఆపమంటుంటే.”

“ఆయన ఎంత సహజంగా చేస్తున్నాడో చూడు” అన్నాడు ప్రభాకర్ గారు నాతో.

ఆట ముగిసింది. మావాళ్ళు గడ్డపార తెచ్చారు. కోటమ్మ రాయికి అడ్డంగా నిలబడింది.

“గడ్డపార కింద పెట్టండయ్యా. నీళ్ళు పడ్డయ్యి.”

ఇక అప్పుడు మొదలైంది. “నాటకాల రాయి బొడ్రాయి ఎట్లా అవుద్దే?” అన్నాడు రాఘవయ్య గారు. “ముహూర్తం లేదు, అయ్యవారు లేడు.”

“మమ్మల్నిక్కడ దింపిన లారీకి ఏ ముహూర్తం చూశారయ్యా?” అంది కోటమ్మ. “నీళ్ళు పడ్డయ్యా లేదా, అది చెప్పండి.”

ఆయన రాయి దాకా వచ్చి ఆగాడు. అది చూశాకే ఆయన భయం నాకు తెలిసింది. ఆ రాయి ఉత్త రాయని ఆయన నిజంగా అనుకుంటే తనే కాలితో తన్నేసేవాడు. తన్నలేదు. ఇద్దరు కొడుకుల వంక చూశాడు. వాళ్ళు చెప్పుల వంక చూసుకున్నారు.

ప్రభాకర్ గారికి విషయం అప్పటికి అర్థమైంది. నన్ను పక్కకు లాగాడు. “నాగులూ, ఎల్లుండి విజయవాడలో విదేశీ అతిథుల ముందు ఆట. రాయి లేకుండా ఎలా? నువ్వు వాళ్ళ మనిషివి, నువ్వు చెప్తే వింటారు. లేపించు.”

అటు రాఘవయ్య గారు కూడా అదే పాట. “ఒరే నాగులూ, మీ సామాను మీరు తీసుకుపొండి. మీ రాయి మీరు పీక్కుంటే ఎవరికీ దోషం లేదు.”

ఊరు పోయిందని ఏడిపించే ఆయనా, ఊరు నాదే అనే ఆయనా, ఇద్దరికీ ఒకే పని కావాల్సొచ్చింది. ఆ పని చెయ్యాల్సిన చెయ్యి నాది.

“తమరే పీకండి అయ్యగారూ, గడ్డపార ఇస్తా” అన్నాను రాఘవయ్య గారితో. ఆయన ఒక అడుగు వెనక్కేశాడు.

కోటమ్మ నావైపు తిరిగింది. “మెడలో డప్పు ఉందిగా. కొట్టు. ఊరు కట్టు.”

నేను వీరుణ్ణి కాదు. కొడితే ఉద్యోగం పోతుందని తెలుసు, ఇంకో పని దొరికే వయసు కాదు. బొడ్రాయి మీద నాకు భక్తీ లేదు. మా నాన్న డప్పు కొట్టి ఊరిని కట్టినప్పుడల్లా, కట్టటం అవగానే ఆయన్ను దూరంగా నిలబడమనేవాళ్ళు. నీళ్ళు పోసే వరసలో మా అమ్మను నేనెప్పుడూ చూడలేదు. ఈ వరసలో చూశాను. అప్పటి అమ్మ వయసు మనుషులు, తడిసిన కాళ్ళతో.

కొట్టాను. మా నాన్న దగ్గర నేర్చుకున్న దరువు, నాటకంలోది కాదు. కొడుతూ కాలనీ చుట్టూ తిరిగాను. రాళ్ళగుట్టకు పంపాలనుకున్న ప్రతి ఇంటి గోడ వెనకనుంచీ తిరిగాను, ఒక్క ఇల్లూ కట్టు బయట పడకుండా. ఆడవాళ్ళు నా వెనక నీళ్ళు చల్లుకుంటూ వచ్చారు.

ఒక్క పూట

పన్నెండయింది. ప్రభాకర్ గారు జీపెక్కి, పోనివ్వమన్నాడు.

“ఊరు కట్టారు సార్. పొద్దుగూకాలి” అన్నాడు డ్రైవరు.

“ఇదంతా మూఢనమ్మకం.”

“పొద్దున మీరే జనం సంస్కృతి అన్నారు కద సార్.”

నడిచిపోతానని దిగాడు. ఎటు పోవాలో తెలియక నాలుగడుగులేసి ఆగాడు. చివరికి కోటమ్మ వసారాలో కూర్చున్నాడు. అరగంటకోసారి పొద్దు ఎప్పుడు గూకుతుందని అడిగాడు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయన్నాడు. ఫోను అందటం లేదన్నాడు. తనవాళ్ళెవరూ లేని చోట ఎలా ఉండాలని సుజాతను అడిగాడు. సుజాత నవ్వు ఆపుకోలేక ఇంటి వెనక్కు పోయింది.

కోటమ్మ పళ్ళెంలో అన్నం, గోంగూర పచ్చడి తెచ్చి ముందు పెట్టింది. “తిను బాబూ. పరాయి ఊళ్ళో ఉన్నప్పుడు పెట్టింది తినాలి. మొదట్రోజు ఎవరికైనా ఇట్టాగే ఉంటది.”

ఆయన తిన్నాడు. బాగుందన్నాడు కూడా. ఆ ఒక్క పూటా ఆయన మీద నాకు జాలేసింది. మాతో తిరిగిన పద్నాలుగు నెలల్లో ఆయన నిజంగా వలస నేర్చుకున్నది ఆ ఆరు గంటలే. దాని గురించి ఎక్కడా రాసినట్టు లేదు.

తర్వాత జరిగింది

విజయవాడ ఆట అట్ట రాయితోనే జరిగింది. నన్ను తీసుకెళ్ళలేదు. సంస్థ వాళ్ళు వివరణ రాసివ్వమన్నారు. అక్షరాలొచ్చాక నేను సొంతంగా రాసిన మొదటి కాగితం అదే: ‘రాయి పాతమన్నారు, పాతాను. నీళ్ళు పొయ్యమన్నారు, పోశారు. పీకటం నా చేత కాలేదు.’ నెల తిరక్కుండా పంపించేశారు. ప్రభాకర్ గారు మాత్రం సభల్లో, తన నాటకంతో ఒక ఊరికి బొడ్రాయి వచ్చిందని చెప్పుకున్నాడు. ఆ మాట అబద్ధమని నేను అనలేను.

రాఘవయ్య గారు అర్జీ తనే వెనక్కి తీసుకున్నాడు. ఆయన మనసు మారిందని రాయమని ఒక పత్రికాయన నన్ను అడిగాడు. మారలేదు. కట్టు లోపలి ఇల్లు లేపితే తన ఇంటికి కీడు జరుగుతుందని భయపడ్డాడు. పల్లె ఇళ్ళు నిలబడ్డాయి, నాకది చాలు. మీరు కూడా ఈ ఉద్యోగంలో మనసులు మారుద్దామని పోకండి. మనసులు లోపల ఉంటాయి, మనకు కనపడవు. ఇళ్ళు కనపడతాయి. ఎవరి ఇల్లు నిలబడింది, ఎవరిది లేచింది, అది చూడండి.

మరుసటి ఏడు అదే రోజున బొడ్రాయికి నీళ్ళు పోస్తున్నామని కబురొస్తే డప్పు తీసుకుని వెళ్ళాను. ఆడవాళ్ళ వరస మొదట్లో కోటమ్మ ఉంది. రాఘవయ్య గారి భార్య సీతారావమ్మ గారు బిందె పట్టుకుని వచ్చి, ఎప్పటి అలవాటో, నేరుగా ముందుకు నడిచింది. అందరూ దారిచ్చారు. కోటమ్మ ఇవ్వలేదు.

“వరస వెనకనుంచమ్మా” అంది.

సీతారావమ్మ గారు ఆగి, వరస చివరిదాకా చూసింది. మొగుడు అరుగు మీదనుంచి చూస్తున్నాడు. ఆమె ఆయన వంక చూడలేదు. బిందెను రెండో చంకకు మార్చుకుని వెనక్కు నడిచింది. ముప్పై మంది తర్వాత, ఆఖరున నిలబడింది.

నేను డప్పు ఆపలేదు, ఆమె వంతు కూడా అయ్యేదాకా.